స్టోరు గదిలో వ్యోమగామి

ఉత్తరం వచ్చిన రోజున సైన్స్ టీచరు దాన్ని మూడుసార్లు చదువుకుని, నాలుగోసారి చదవమని భర్త చేతికిచ్చింది. ఆయన మందుల షాపులో పనిచేస్తాడు. డాక్టర్ల రాతలు చదివీ చదివీ ఏ కాగితాన్నైనా అనుమానంగా చూడడం ఆయనకి అలవాటైపోయింది. అటూ ఇటూ తిప్పి చూసి, "ఈసారి కాదనలేదే," అన్నాడు.

ఆరుసార్లు కాదన్నారు మరి. ఏడోసారికి వాళ్ళకే విసుగొచ్చి ఒప్పేసుకుని ఉంటారని ఆయన లెక్క. అంతరిక్ష సంస్థ వాళ్ళు బడిపిల్లల కోసం నడిపే కార్యక్రమం అది. భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రం ఊరి మీదుగా పోయేటప్పుడు, ఎంపికైన బడి రేడియోలో లోపలున్న వ్యోమగామితో నేరుగా మాట్లాడవచ్చు. ఈ దిక్కున పైకి తేలి ఆ దిక్కున కుంగిపోయేదాకా మహా అయితే పది నిమిషాలు. ఒక బడికి ఒక్కసారే. ప్రశ్నలు పన్నెండు, అడిగేది పన్నెండుమంది పిల్లలు. టీచర్లు అడగకూడదు. ప్రతి ప్రశ్న చివరా "ఓవర్" అనాలి, లేకపోతే పైవాళ్ళకి ప్రశ్న అయిపోయిందో లేదో తెలియదు.

అడగకూడదన్న రూలుకి టీచరు ఏమీ బాధపడలేదు. ఆవిడకి కావలసింది వినడం. పదకొండేళ్ళప్పుడు పక్కింటి రేడియోలో వార్తలు వింది, ఎవరో మనిషి ఆ క్షణాన నెత్తిమీద ఆకాశంలో చుట్లు కొడుతున్నాడని. మేడమెట్ల మీద నిలబడి మెడ పట్టేసేదాకా పైకి చూసింది. ఏమీ కనబడలేదు, పగటిపూట ఏం కనబడుతుంది. కానీ ఆ రోజు నుంచీ ఒక్కటే కోరిక పట్టుకుంది. పైనున్న మనిషి మాట, పైన ఉండగానే, చెవులారా వినాలి. రికార్డులు వందల కొద్దీ వింది. టీచర్ల శిక్షణకి వెళ్ళినప్పుడు దిగొచ్చిన వ్యోమగామి ఉపన్యాసమే వింది. దిగొచ్చినవాళ్ళ మాటలు ఊరెళ్ళొచ్చినవాళ్ళ కబుర్లలా ఉంటాయి. బాగుంటాయి, కానీ అప్పటికి ఊరు వెనకపడిపోయి ఉంటుంది.

"నీకు ఆకాశం మీదున్న ధ్యాస పొయ్యి మీద ఉంటే నేనీపాటికి ఇంకో పది కిలోలు పెరిగేవాణ్ణి," అని భర్త దెప్పేవాడు. దెప్పుతూనే ఏడు దరఖాస్తులూ ఆయనే తీసుకెళ్ళి తపాలాలో వేశాడు.

బడికి రేడియో పని చూసిపెట్టడానికి దొరికినాయన వయసులో ఓడల మీద వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. పిల్లలు ఆయన్ని రేడియో బాబాయి అనేవాళ్ళు. ఉద్యోగం వదిలినా ఆ పిచ్చి ఆయన్ని వదల్లేదు. బడి డాబా మీద యాంటెనా నిలబెట్టాడు, హాల్లో వేదిక పక్కన బల్ల వేసుకున్నాడు, నేలంతా తీగలు పరిచాడు. స్వీపరమ్మ ఆ తీగల మధ్య చీపురుతో ఎటు అడుగెయ్యాలో తెలియక రోజూ ఆయన్ని తిట్టుకునేది.

రిహార్సళ్ళు ఆరు వారాలు జరిగాయి. పిల్లలకి ప్రశ్న అడగడం వచ్చు, జవాబు వచ్చేదాకా ఆగడం రాదు. అందుకని పైన ఉన్నట్టు ఎవరో ఒకరు జవాబులు చెప్పాలి. వేదిక పక్కనే సైన్స్ సామాన్ల స్టోరు గది ఉంది. రేడియో బాబాయి అక్కడికి ఒక తీగ లాగి, చెవులు పూర్తిగా మూసేసే పాత హెడ్‌ఫోన్సూ ఒక మైకూ ఇచ్చి, టీచర్ని కూర్చోబెట్టాడు. పిల్లలు బటన్ నొక్కి మాట్లాడితే ఆవిడకి వినబడుతుంది. ఆవిడ మాట్లాడితే హాల్లో స్పీకరులో వస్తుంది. ఆయన బల్ల మీద చిన్న పెట్టె, దానికో స్విచ్చి. ఇటు వేస్తే స్పీకరులో స్టోరు గది, అటు వేస్తే నిజం రేడియో. పిల్లల మైకు మాత్రం ఎటు వేసినా స్టోరు గదిలో వినబడుతుంది.

మొదటి రోజు టీచరు సిగ్గుపడింది. దవడ ఊడిన అస్థిపంజరం, సగం అరిగిన గ్లోబు, మూతలు బిగిసిపోయిన సీసాల మధ్య కూర్చుని "ఇక్కడ బరువు ఉండదు బాబూ," అంటూంటే తనకే నవ్వొచ్చింది. మూడో రోజుకి నవ్వు పోయింది. వారం తిరిగేసరికి, తలుపు వేసుకోగానే చెప్పులు విప్పేసి, స్టూలు అడ్డకర్ర మీదకి రెండు కాళ్ళూ ఎత్తిపెట్టుకోవడం మొదలుపెట్టింది. నేలకి కాళ్ళు తగిలితే మాట సరిగ్గా రావడం లేదట. ఈ సంగతి భర్తకి కూడా చెప్పలేదు.

పిల్లలు అడిగేవాళ్ళు. పైన నిద్ర ఎలా పోతారు, కన్నీళ్ళొస్తే కిందకి కారతాయా, అలిగితే ఎక్కడికి వెళ్తారు. ఆవిడ చెప్పేది. గోడకి కట్టుకున్న సంచిలో దూరి పడుకుంటామని, కన్నీళ్ళు కారకుండా కంటిమీదే ముద్దలా నిలుస్తాయని, అలగడానికి మూల ఉండదు కాబట్టి తొందరగా రాజీ పడిపోతామని. చదివినవే చెప్పింది, కానీ చూసినట్టే చెప్పింది. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో ఆవిడ మొహం చూస్తే ఎక్కడినుంచో దిగివచ్చిన మనిషిలాగే ఉండేది, ఇది మాత్రం నిజం.

పిల్లలకి నంబర్లు పెట్టింది. పదకొండో నంబరు వాగుడుకాయ, ఊపిరి తీసుకోవడం కూడా దండగనుకునే రకం. పన్నెండో నంబరు ఏడో తరగతి పిల్ల. మాట్లాడే ముందు మాటని రెండుసార్లు తూచుకునే పిల్ల కాబట్టి ఆఖర్న పెట్టింది. వీళ్ళందరినీ వేళకి కుర్చీల్లో కూర్చోబెట్టేసరికి తల ప్రాణం తోకకి వచ్చేది. అందుకని రెండు వారాల ముందు, ఎవరికీ చెప్పకుండా బల్లెక్కి, హాలు గడియారాన్ని అయిదు నిమిషాలు ముందుకి తిప్పేసింది. ఆ ఉపాయం అద్భుతంగా పనిచేసింది. అందరూ వేళకి రావడం మొదలుపెట్టారు. రోజులు గడిచేసరికి గడియారం సంగతి ఆవిడే మర్చిపోయింది.

ఆ రోజు రానే వచ్చింది. కేంద్రం పదకొండూ ఇరవైకి పైకి వస్తుంది, పదకొండున్నరకి పోతుంది. హాల్లో మూడువందలమంది. ముందు వరసలో విద్యాశాఖ నుంచి వచ్చిన పెద్దాఫీసరు. మూడో వరసలో టీచరు భర్త. జ్వరమొచ్చినా సెలవు పెట్టని మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. పన్నెండుమంది పిల్లలు వేదిక మీద వరసలో నిలబడ్డారు. రేడియో బాబాయి స్విచ్చి నిజం రేడియో వైపు వేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఎందుకైనా మంచిదని తన చేతిగడియారం ప్రకారం రెండు నిమిషాల ముందు నుంచే పిలవడం మొదలుపెట్టాడు.

పిలిచాడు. స్పీకర్లో బరబరమని చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచాడు. బరబర. హాల్లో జనం కుర్చీల్లో కదలడం మొదలైంది. ఎవరో దగ్గారు. పెద్దాఫీసరు చేతిగడియారం చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తున్నట్టు అందరికీ తెలిసేలా కూర్చున్నాడు.

హెడ్మాస్టరు ఆకు కదిలినా ఉలిక్కిపడే మనిషి. చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆయన చెమట తుడుచుకుంటూ టీచరు దగ్గరికి వచ్చి గోడగడియారం వైపు కళ్ళతో చూపించాడు. పదకొండూ ఇరవై ఆరు.

"ఉన్న పది నిమిషాల్లో ఆరు అయిపోయాయి మేడమ్. ఇంక రాదు."

టీచరు కూడా గడియారం చూసింది. తన చేత్తో తను తిప్పిన గడియారం. దాన్ని చూసి, దాన్నే నమ్మింది.

"మీరు లోపలికి వెళ్ళి రోజూ చెప్పినట్టే చెప్పేయండి," అన్నాడు హెడ్మాస్టరు గొంతు తగ్గించి. "నేను బాబాయి గారికి స్విచ్చి మార్చమని చెప్తాను."

"అబద్ధం కదా సార్. గొంతు నాదని పిల్లలకి తెలిసిపోతుంది."

"తెలిసినా నోరెత్తరు. వాళ్ళ మొహాలు చూడండి ఒక్కసారి."

చూసింది. ఒకటో నంబరు పిల్లాడు కాగితంలో ప్రశ్నని పెదాలతో మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాడు. కొత్త జడలు వేసుకొచ్చిన పన్నెండో నంబరు ఎటూ చూడకుండా స్పీకరు వంకే చూస్తోంది. ఆరు వారాలు వీళ్ళని ఊరించింది తనే. నలభై ఏళ్ళు తను ఊరుకోగలిగింది, వీళ్ళెందుకు ఉత్త చేతులతో ఇంటికెళ్ళాలి అనిపించింది. కోరిక చచ్చిపోయిన చోట టీచరు మిగిలింది. స్టోరు గదిలోకి నడిచింది. హెడ్మాస్టరు ఎవరూ పొరపాటున తెరవకుండా బయటినుంచి గడియ పెట్టాడు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఈసారి చెప్పులు విప్పలేదు. కళ్ళు తుడుచుకుంటూంటే చెవిలో టక్కుమంది, ఒకటో నంబరు గొంతు వచ్చింది. "మీరు నిద్ర ఎలా పోతారు? ఓవర్."

స్విచ్చి మారిందన్నమాట. ఆవిడ గొంతు సవరించుకుని చెప్పింది. సంచి సంగతి, గోడ సంగతి. ఎప్పుడూ చెప్పేదే. రెండో ప్రశ్న వచ్చింది. మూడు. నాలుగో పిల్లాడు ఆవిడ జవాబు సగంలో ఉండగానే "థాంక్యూ" అనేశాడు. కంగారు పడ్డాడనుకుంది. అయిదో పిల్ల మరీ ఎక్కువసేపు ఊరుకుంది. పాపం బెదిరిపోయిందనుకుంది. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు, ఎనిమిది, తొమ్మిది, పది. అంత బాగా వాళ్ళెప్పుడూ అడగలేదు. చూడు, అబద్ధానికి ఎంత చక్కగా అడుగుతున్నారో అని ఒక పక్క మురిసిపోయింది, ఒక పక్క ఏడ్చుకుంది.

పదకొండో నంబరు అడిగాడు, "అక్కణ్ణుంచి మీ ఇల్లు కనబడుతుందా? ఓవర్." ఆవిడ చెప్పింది, ఇల్లు కనబడదు, రాత్రిపూట ఊళ్ళ దీపాలు కనబడతాయని. మళ్ళీ టక్కుమంది. వాడే. జాబితాలో లేని ప్రశ్న.

"అయితే మీ పాపకి ఇప్పుడు ఎన్నేళ్ళు? ఆ దీపం ఎలా వెలిగిస్తుంది? ఓవర్."

పాప ఎవరు? దీపం ఏమిటి? తను ఏ పాప గురించీ చెప్పలేదు. వాడు జవాబు చెప్పిన మనిషినే అడుగుతున్నాడు. ఆ మనిషి తను కాదు.

హెడ్‌ఫోన్స్ లాగి పారేసింది. హాలు నిశ్శబ్దంగా ఉంది. మూడువందలమంది ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు ఉండే నిశ్శబ్దం. అందులో, మందపాటి తలుపుకి అవతల, ఒక ఆడగొంతు. బరబర చప్పుడు మధ్య లేస్తూ పడుతూ ఉంది.

వచ్చింది. గొంతు వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది గడియారం.

ఒక్క ఉదుటున తలుపు దగ్గరికి వెళ్ళి లాగింది. రాలేదు. బయట గడియ. బాదడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బాదితే మూడువందల తలలు ఇటు తిరుగుతాయి. మైకు ఇప్పుడు పన్నెండో నంబరు చేతికి వెళ్తూ ఉంటుంది. ఒక్క చప్పుడైతే చాలు, ఆ పిల్ల తూచుకున్న మాటలన్నీ చెదిరిపోతాయి. ఇంకెంత టైముందో తెలియదు. అర నిమిషం ఉంటుందేమో. ఆ అర నిమిషం ఆ పిల్లది.

చెయ్యి దించేసింది. చెవి తలుపుకి ఆనించింది. చెక్క చల్లగా ఉంది. మాటలు తెలియడం లేదు. అడిగినట్టుందో చెప్పినట్టుందో తెలియని పలుకు మాత్రం వస్తోంది. నవ్విందా? నవ్వినట్టే ఉంది. తల్లీ, ఒక్క మాట గట్టిగా అనవే అని మనసులో బతిమాలుకుంది. సగం ముక్కైనా చాలు. ఇన్నేళ్ళు కళ్ళు కాయలు కాచేలా చూసి, చివరికి మూడంగుళాల చెక్క దగ్గర ఆగిపోయినదాన్ని. ఒక్క మాట.

బరబర పెరిగింది. గొంతు అందులో కలిసిపోయింది. కాసేపటికి చప్పట్లు మొదలయ్యాయి. ఎంతకీ ఆగలేదు.

గడియ తీసింది హెడ్మాస్టరే. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అయ్యో మేడమ్," అన్నాడు, "నేను బల్ల దగ్గరికి వెళ్ళేలోపే పైనుంచి ఆవిడ పలికింది. నా ఒళ్ళు నాకు తెలియలేదు. మిమ్మల్ని... మర్చేపోయానండీ." ఆవిడకి కోపం కూడా రాలేదు. ఎవరిమీద తెచ్చుకోవాలి? గడియారం తిప్పింది తను, గది లోపలికి నడిచింది తను.

రేడియో బాబాయి తీగలు చుట్టుకుంటూ, "మొత్తం రికార్డయింది తల్లీ. పట్టుకెళ్ళి తీరిగ్గా విను," అన్నాడు. ఆవిడ తలూపింది. రికార్డులు వినడం ఆవిడకి కొత్త కాదు. వింటుంది కూడా, రేపో ఎల్లుండో, ఒక్కతే కూర్చుని. కానీ అప్పటికి ఆ గొంతు ఎన్ని సముద్రాలు దాటిపోయి ఉంటుందో.

భర్త జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఎక్కడికి పోయావు నువ్వు? నీకోసం అటూ ఇటూ చూడ్డంతోనే నాకు సగం చెవికెక్కలేదు." ఆవిడ మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా, మంచినీళ్ళు తెస్తానని వెళ్ళాడు.

హాలు ఖాళీ అవుతోంది. పిల్లలు తల్లిదండ్రుల చుట్టూ చేరి వ్యోమగామి ఇలా అంది, అలా అంది అని ఒకళ్ళ మాట మీద ఒకళ్ళు పడి చెప్పుకుంటున్నారు. పదకొండో నంబరు, పైన ఉన్నావిడ కూతురు రోజూ సాయంత్రం డాబా మీద దీపం పెడుతుందని, ఆ దీపం ఆవిడకి కనబడదని, కనబడిందనే కూతురికి చెప్తుందని, ఇప్పటికి పదోసారి చెప్తున్నాడు. ఆ కథ టీచరు చెవిన పడింది. బాగుంది అనుకుంది. వాడి గొంతులో వింది, అంతే.

పన్నెండో నంబరు ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. వేదిక అంచున బెంచీ మీద ఒక్కతీ కూర్చుని ఉంది. టీచరు వెళ్ళి పక్కన కూర్చుంది.

"అడిగావా?"

"అడిగాను మేడమ్. ఓవర్ కూడా అన్నాను." ఆ పిల్ల కాగితాన్ని మడతలు పెడుతోంది. "అంత దూరం వెళ్ళాక కూడా మీకు ఇంకా ఎక్కడికైనా వెళ్ళాలని ఉందా అని అడిగాను. ఆవిడ నవ్వి 'ఉంది' అంది. ఎక్కడికో చెప్పేలోపు పోయింది. వాడు రెండు ప్రశ్నలు అడక్కుండా ఉండాల్సింది."

"చప్పుడులో ఏమీ తెలియలేదా?"

"లేదు మేడమ్. బాబాయి గారు మళ్ళీ వేసి వినిపించారు. అందులోనూ చప్పుడే." మాటని తూచుకుంటోంది. "మీరు లోపల ఉండిపోయారటగా. స్వీపరమ్మ చెప్పింది. మీరసలు ఏమీ వినలేదా?"

"లేదమ్మా," అంది టీచరు. స్టోరు గదిలోకి వెళ్ళినప్పటినుంచీ ఆవిడ బయటికి చెప్పిన మొదటి నిజం అదే.

ఆ పిల్ల ఓదార్చలేదు. ఆ వయసుకి ఓదార్చడం రాదు. అడగడం వచ్చు.

"మీకుందా మేడమ్, ఎక్కడికైనా వెళ్ళాలని?"

రిహార్సళ్ళలో ఈ ప్రశ్నకి టీచరు రోజుకో చోటు చెప్పేది. చంద్రుడు, అంగారకుడు, ఇంకా అవతల పేర్లు కూడా పెట్టని చుక్కలు. ఇప్పుడు వాటిల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"ఉంది," అంది. "ఒక్క పావుగంట వెనక్కి వెళ్ళాలని ఉంది."

పన్నెండో నంబరు నవ్వలేదు. ఆ దూరం ఎంతో లెక్కేసుకుంటున్నట్టు కాసేపు నేలకేసి చూసి, బెంచీ మీద టీచరు వైపు జరిగింది.

"నేనూ వస్తాను మేడమ్. నా జవాబు కూడా అక్కడే ఉండిపోయింది."